శాసనమండలి: ఓటు మనది, సీటు ఎవరిది?

2023 సెప్టెంబరులో పార్లమెంటు 106వ రాజ్యాంగ సవరణను ఆమోదించినప్పుడు మన సంఘాలు చాలాచోట్ల మిఠాయిలు పంచుకున్నాయి. పంచుకోవలసిందే. 1996లో మొదటిసారి బిల్లు సభ ముందుకు వచ్చిన నాటినుంచి లెక్కవేస్తే ఇరవయ్యేడేళ్ళ నిరీక్షణ అది. జనాభా లెక్కలతోనూ, నియోజకవర్గాల పునర్విభజనతోనూ ముడిపెట్టి ఆ హక్కును దూరంగా నెట్టారని అప్పుడే విమర్శించాం. అయితే ఆ చట్టంలో ఉన్నదాని మీద జరిగినంత చర్చ లేనిదాని మీద జరగలేదు. మూడోవంతు స్థానాలు లోక్‌సభలోనూ, రాష్ట్రాల శాసనసభల్లోనూ, ఢిల్లీ శాసనసభలోనూ మాత్రమే. రాజ్యసభలో లేవు. శాసనమండలిలో లేవు.

రాజ్యసభ మాట ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. మండలి ఊసే ఎవరికీ పట్టదు. దేశంలో మండలి ఉన్న రాష్ట్రాలు ఆరే: ఉత్తరప్రదేశ్, బీహార్, మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. ఆ ఆరింటిలో రెండు తెలుగువాళ్ళవి. కాబట్టి ఇది ఢిల్లీలో ఉన్న అక్కచెల్లెళ్ళు మనకోసం మాట్లాడే విషయం కాదు, మనమే మాట్లాడాలి. అందులోనూ గోదావరి జిల్లాల్లో ఉన్న మనకు మరీ దగ్గరి విషయం. ఎందుకో తర్వాత చెబుతాను.

మండలిని వాడుకలో పెద్దల సభ అంటారు. మన ఊళ్ళల్లో పెద్దలంటే ఎవరో మనకు తెలుసు. మొగుడు కొట్టాడని వెళ్ళిన ఆడదాన్ని అరుగు కింద నిలబెట్టి, అరుగు మీద కూర్చుని తీర్పు చెప్పేవాళ్ళు పెద్దలు. ఆ మాటలోనే స్త్రీకి చోటు లేదు. రాజ్యాంగం మాత్రం ఈ సభకు కోరిన పెద్దరికం ముప్పై ఏళ్ళ వయసు ఒక్కటే. రాజ్యసభ సభ్యత్వానికి ముప్పై అయిదేళ్ళు ఉండాలన్న ప్రతిపాదనను ముప్పైకి తగ్గించాలని రాజ్యాంగ పరిషత్తులో సవరణ తెచ్చింది మన రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి. వయసుకీ వివేకానికీ ముడిపెట్టడం ఆవిడకు నచ్చలేదన్నమాట. ఆ విషయం మన పిల్లల పాఠాల్లో ఎక్కడా కనపడదు.

ఇక ఈ సభ ఎలా ఏర్పడుతుందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్ మండలిలో 58 మంది సభ్యులు. 20 మందిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. మరో 20 మందిని స్థానిక సంస్థల ప్రతినిధులు, అయిదుగురిని పట్టభద్రులు, అయిదుగురిని ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగిలిన ఎనిమిది మందిని గవర్నరు నామినేట్ చేస్తారు. సభ ఎప్పుడూ పూర్తిగా రద్దు కాదు. సభ్యుడి పదవీకాలం ఆరేళ్ళు, రెండేళ్ళకొకసారి మూడోవంతు మంది దిగిపోతారు. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ కూడా ఇక్కడ లేదని గుర్తుంచుకోవాలి. అంటే దళిత, ఆదివాసీ స్త్రీకి ఈ సభలో రెండు తలుపులూ మూసే ఉన్నాయి.

స్థానిక సంస్థల సీట్ల దగ్గర కాస్త ఆగుదాం. ఇక్కడ ఓటర్లు ఎంపీటీసీలు, జెడ్పీటీసీలు, మున్సిపల్ కౌన్సిలర్లు, కార్పొరేటర్లు. సర్పంచులకూ, వార్డు సభ్యులకూ ఓటు లేదు. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో స్త్రీల రిజర్వేషన్ 2011లో సగానికి పెరిగింది. దాని ఫలితాన్ని ఒక్కసారి ఊహించండి. చట్టం బలంతో ఓటర్లలో సగంమంది స్త్రీలు ఉండి తీరే ఎన్నిక ఈ దేశంలో ఇదొక్కటేనేమో. ఊరి పంచాయతీ ఎన్నికలో కూడా ఓటర్లలో ఇంతమంది స్త్రీలుండాలన్న నియమం ఏదీ లేదు కదా! అలాంటి ఓటర్లు ఎన్నుకునేది ఎవరిని? 2023 మార్చిలో పశ్చిమ గోదావరిలో రెండు స్థానిక సంస్థల సీట్లకు పోలింగ్ జరిగింది. వెయ్యికి పైగా ఓట్లు పడ్డాయి. బరిలో మిగిలిన ముగ్గురూ పురుషులే. తూర్పు గోదావరిలో అయితే పోలింగే లేదు, ఏకగ్రీవం. అంతకుముందు 2021 నవంబరులో ఎనిమిది జిల్లాల్లోని 11 స్థానిక సంస్థల సీట్లూ, తూర్పు గోదావరి సీటుతో సహా, ఏకగ్రీవంగానే నిండాయి. ఏకగ్రీవమంటే వినడానికి ఐకమత్యంలా ఉంటుంది. వేలమంది స్త్రీ ప్రతినిధులకు రాజ్యాంగం ఇచ్చిన ఓటు ఆ రోజు ఎవరి మాటా అడగకుండానే ఖర్చయిపోయింది.

ఓటు పడినచోట మాత్రం ఏం జరుగుతుంది? పశ్చిమ డెల్టాలో నేను మాట్లాడిన ఒక ఎంపీటీసీ చెప్పిన మాట ఇది. "ఓటేసే రోజున కారులో తీసుకెళ్ళారండీ. మా ఆయన కూడా వచ్చారు. గుమ్మం దగ్గర పోలీసాయన, ఓటు అమ్మగారిదండీ మీరు లోపలికి రాకూడదు అన్నారు. అప్పటిదాకా ఈ ఓటు నాదేనని నాకు తెలీదండీ." ఆవిడ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు. మండల సమావేశాల్లో భర్త పక్కకుర్చీలో కూర్చోవచ్చు, రిజిస్టరులో ఆయనే సంతకం పెట్టినా చూసీచూడనట్టు పోవచ్చు. మండలి ఎన్నిక పోలింగ్ గదిలో మాత్రం ఆ మూడు నిమిషాలూ ఆవిడ ఒక్కతే ఉంటుంది. ఆ మూడు నిమిషాల మీద మన సంఘాలు ఇంతవరకూ పనిచేయలేదు. ఎంపీటీసీలకు ఎన్నో శిక్షణలు పెట్టాం. ఉపాధి హామీ గురించి చెప్పాం, మరుగుదొడ్ల గురించి చెప్పాం. వాళ్ళు ఒక చట్టసభకు ఓటర్లని చెప్పే శిక్షణ ఎన్నిచోట్ల జరిగింది?

రాజమండ్రి సంగతి మరీ విచిత్రం. నగరపాలక సంస్థ పాలకవర్గం గడువు 2019లో తీరింది. 2021లో రాష్ట్రమంతా పురపాలక ఎన్నికలు జరిగినా ఇక్కడ జరగలేదు. దాంతో స్థానిక సంస్థల ఎమ్మెల్సీని ఎన్నుకోవడానికి ఈ నగరం తరఫున కార్పొరేటరన్నవాళ్ళే లేకుండా పోయారు. 2014లో ఈ నగరానికి ఒక స్త్రీ మేయరయింది. ఆ తర్వాత వచ్చిన తరం స్త్రీలకు కార్పొరేటరయ్యే దారి కూడా మూసుకుపోయింది. స్థానిక సంస్థలకు ఎన్నికలు పెట్టకపోతే మురుగుకాలువలే కాదు, పైసభ దాకా పోయే దారి కూడా పూడిపోతుంది.

ఉపాధ్యాయుల నియోజకవర్గానికి వస్తే, ఇక్కడ స్త్రీల మీద పడే కత్తిరింపు రాజ్యాంగం మాటల్లోనే ఉంది. సెకండరీ పాఠశాల స్థాయికి తగ్గని విద్యాసంస్థలో, గడిచిన ఆరేళ్ళలో కనీసం మూడేళ్ళు బోధించినవాళ్ళకే ఓటు. ప్రాథమిక పాఠశాలలో అ ఆలు దిద్దించే టీచరు ఈ లెక్కలో ఉపాధ్యాయురాలు కాదు. అంగన్‌వాడీ టీచరు పేరులోనే టీచరు. చిన్నపిల్లలకు చదువు చెప్పడం ఆడవాళ్ళ పని, పెద్దపిల్లలకు చెప్పడం విద్వత్తు అన్న పాత విభజనే 1950 నాటి ఈ వాక్యంలో గడ్డకట్టి ఉందని సామాజికశాస్త్రం చదువుకున్నదానిగా నాకు అనిపిస్తుంది. 2024 డిసెంబరులో ఉభయగోదావరి ఉపాధ్యాయ స్థానానికి ఉపఎన్నిక జరిగినప్పుడు ఓటర్లు 16,700 పైచిలుకు. వాళ్ళలో స్త్రీలు సుమారు 6,300, అంటే నూటికి 38 మంది. బడుల్లో టీచరమ్మలు ఇంతే ఉన్నారంటే ఏ తల్లయినా నమ్ముతుందా?

దీనికి ఇంకో కారణం ప్రైవేటు కాలేజీలు. ఓటరుగా చేరాలంటే సంస్థ అధిపతి ధ్రువపత్రం ఇవ్వాలి. యాజమాన్యం ఎవరిని రికార్డుల్లో చూపిస్తే వాళ్ళే ఉపాధ్యాయులు. పదేళ్ళుగా పాఠం చెబుతూ, జీతం కవరులో పెట్టి ఇస్తే పుచ్చుకుంటూ, పేరు మాత్రం ఏ రిజిస్టరులోనూ లేని స్త్రీలు కాకినాడ, రాజమండ్రి, భీమవరం వీధుల్లో ఎందరో. ధ్రువపత్రం ఇమ్మని అడిగితే ప్రావిడెంట్ ఫండ్ కూడా అడుగుతారేమోనని యాజమాన్యం భయం. ఓటు హక్కు ఇక్కడ శ్రమ హక్కుతో ముడిపడి ఉంది. ఒకటి లేక రెండోది రాదు.

పట్టభద్రుల స్థానం ఇంత ఇరుకు కాదు. 2025 ఫిబ్రవరి 27న జరిగిన ఎన్నికలో ఉభయగోదావరి పట్టభద్రుల ఓటర్లు సుమారు 3.15 లక్షలు, స్త్రీలు సుమారు 1.31 లక్షలు. నూటికి 42. రాష్ట్రంలో మామూలు ఓటర్ల జాబితాలో స్త్రీలు పురుషులను దాటిపోయారు. ఇక్కడ వెనకబడ్డారు. డిగ్రీలు లేక కాదు. ఈ జాబితా ప్రతి ఎన్నికకూ మొదటినుంచి కొత్తగా తయారవుతుంది. పోయినసారి ఓటు వేశాను కదా అంటే కుదరదు, మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. డిగ్రీ పూర్తయి మూడేళ్ళు దాటి ఉండాలి. డిగ్రీ పుట్టింటి పేరుతో ఉంటుంది, ఆధార్ అత్తింటి పేరుతో ఉంటుంది. డిగ్రీ సర్టిఫికెట్ అమలాపురంలో అమ్మ బీరువాలో ఉంటుంది, కాపురం తణుకులో ఉంటుంది. ఇంటిపేరు మారిందని ఒక తహసీల్దారు కార్యాలయంలో మా కళ్ళముందే ఒక అమ్మాయి దరఖాస్తు వెనక్కి ఇచ్చేశారు. పెళ్ళి కార్డు చూపించమన్నారు. మగవాడి డిగ్రీకి పెళ్ళి కార్డుతో పని ఉండదు.

ఇక్కడొక చిత్రం చెప్పాలి. ఓటరుకు డిగ్రీ ఉండాలి కానీ అభ్యర్థికి ఉండనక్కర్లేదు. పట్టభద్రుల స్థానంలో నిలబడేవాళ్ళు పట్టభద్రులే కానవసరం లేదని 1972లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి డిగ్రీ లేని మన కార్యకర్త కూడా అక్కడ నిలబడవచ్చు. ఎవరైనా నిలబడతారా అన్నది వేరే మాట. గెలవడం అసాధ్యమేమీ కాదు. 2021 మార్చిలో తెలంగాణలో మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల స్థానంలో 93 మంది పోటీలో ఉంటే సురభి వాణీదేవి గెలిచారు. అదే నెలలో మన పొరుగున కృష్ణా-గుంటూరు ఉపాధ్యాయ స్థానంలో కల్పలత గెలిచారు. ఉభయగోదావరిలో మాత్రం ఉపాధ్యాయ సంఘాల పేరుమీద 2021లోనూ, 2024 ఉపఎన్నికలోనూ గెలిచినవాళ్ళు పురుషులే. మన ఉద్యమాలకు తోడు నిలిచిన సంఘాలే అవి, అందుకే ఈ మాట చనువుగా అంటున్నాను: ధర్నాలో ముందువరసలో కూర్చోబెట్టిన టీచరమ్మను నామినేషన్ దగ్గర వెనక్కి పంపడం ఎప్పుడు మానతారు?

ఎమ్మెల్యేల కోటా గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పార్టీ అధినేత జాబితా రాస్తాడు, అయిపోతుంది. 2025 మార్చిలో అయిదు సీట్లు ఏకగ్రీవమయ్యాయి. అందులో స్త్రీ ఒక్కరే, కావలి గ్రీష్మ. 2023 మార్చిలో మాత్రం పోటీ జరిగింది. ఏడు సీట్లు, 175 ఓట్లు. ప్రాధాన్యతా ఓటు పద్ధతిలో 175ను ఎనిమిదితో భాగిస్తే ఇరవయ్యొకటి దాటుతుంది కనుక 22 ఓట్లు వస్తే గెలుపు ఖాయం. తెలుగుదేశం 2019లో గెలిచింది 23 స్థానాలు, వాళ్ళలో నలుగురు అప్పటికే దూరమయ్యారు. ఆ పార్టీ నిలబెట్టిన పంచుమర్తి అనురాధకు 23 ఓట్లు వచ్చాయి. అధికారపక్షం తన ఎమ్మెల్యేలు నలుగురిని సస్పెండ్ చేసింది. ఆ గెలుపును అందరూ వ్యూహమనీ, క్రాస్ ఓటింగ్ అనీ విశ్లేషించారు. నేను గమనించింది వేరు. గెలుపు అనుమానంగా ఉన్న సీటుకు స్త్రీ పేరు గుర్తొచ్చింది.

ఇంతకీ ఈ సభ ఉండాలా, వద్దా? మన పత్రిక చదివేవాళ్ళలో చాలామంది వద్దనేవాళ్ళే. ఓడిపోయినవాళ్ళకు పునరావాస కేంద్రమన్న మాట నేనూ కాదనను. చరిత్ర చూస్తే దాన్ని పుట్టించడమూ, చంపడమూ కూడా ఎవరి అవసరం కొద్దీ వాళ్ళు చేసిందే. 1958 జులైలో 90 మందితో మొదలైంది. కొత్తగా అధికారంలోకి వచ్చిన ఎన్.టి. రామారావుకు 1983లో మండలిలో బలం లేదు, రద్దుకు తీర్మానం చేశారు. 1985 జూన్ 1తో అది పోయింది. 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మళ్ళీ తీర్మానం చేసి, 2007 మార్చిలో దాన్ని తిరిగి నిలబెట్టింది. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లులను అప్పటి చైర్మన్, మన నరసాపురానికి చెందిన షరీఫ్, సెలెక్ట్ కమిటీకి పంపారు. అయిదు రోజులు తిరక్కుండా శాసనసభ మండలి రద్దుకు తీర్మానించింది. ఈలోగా మండలిలో అధికారపక్షానికి మెజారిటీ వచ్చింది. 2021 నవంబరులో ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే నెలలో భీమవరం ప్రాంతపు దళిత నాయకుడు కొయ్యే మోషేనురాజు చైర్మనయ్యారు, జకియా ఖానం డిప్యూటీ చైర్‌పర్సన్ అయ్యారు. పీఠం మీద ఒక దళితుడు, ఒక ముస్లిం స్త్రీ కూర్చోవడం చిన్న విషయం కాదు. దాన్ని చులకన చేయను.

మండలి వల్ల స్త్రీలకు మేలు జరిగిందా అంటే మాత్రం నా దగ్గర ఉత్సాహమైన జవాబు లేదు. కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చిన మన రాష్ట్రపు చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అది మండలి పోయిన తర్వాత, ఒక్క సభతోనే వచ్చింది. పెద్దల సభ ఉండి ఉంటే అడ్డుపడేదేమో అనే అనుమానం నాకు ఎప్పుడూ ఉంది. అటువైపు ముత్తులక్ష్మీరెడ్డి ఉదాహరణ ఉంది. గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో ఆవిడ నామినేషన్ మీదే శాసనమండలికి వచ్చి, 1927లో ఉపాధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు. దేవదాసీల ఇనాం భూములను గుడి సేవనుంచి విడిపించే చట్టానికి 1929లో బాట వేశారు. మన పెద్దాపురం, మురమండ ప్రాంతాల కళావంతుల కుటుంబాలు కూడా ఆ చట్టం కిందకే వచ్చాయి. అప్పటి మండలి ఏకైక సభ, నేటి పైసభ లాంటిది కాదు. అయినా ఒక్క స్త్రీ లోపల ఉండటం వల్ల ఏం మారుతుందన్న ప్రశ్నకు అంతకన్నా గట్టి సాక్ష్యం నాకు దొరకలేదు.

మండలికి అధికారం తక్కువే. బడ్జెట్ లాంటి ద్రవ్యబిల్లును 14 రోజులు ఆపగలదు. మామూలు బిల్లును మొదట మూడు నెలలు, శాసనసభ మళ్ళీ ఆమోదించి పంపితే ఒక నెల ఆపగలదు. అంతకుమించి ఏమీ చేయలేదు. కానీ ఆ మూడు నెలల వ్యవధి ఎంత విలువైనదో ఉద్యమాల్లో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. రాత్రికి రాత్రి వచ్చిన బిల్లు మీద కరపత్రం వేయడానికీ, ఊళ్ళు తిరగడానికీ మనకు కావలసింది సరిగ్గా ఆ వ్యవధే. సభ్యులు ప్రశ్నలు వేయవచ్చు, మంత్రుల చేత జవాబులు చెప్పించవచ్చు. కాబట్టి సభ ఉన్నంతకాలం అందులో వాటా అడగాలన్నది నా అభిప్రాయం. రద్దు చేస్తే రద్దు చేయనీండి. ఉన్నదాన్ని మగవాళ్ళకు వదిలేయడం మాత్రం సూత్రబద్ధత అనిపించుకోదు.

వాటా అడగడానికి దారి మనం అనుకుంటున్నంత కష్టం కాదు. రాజ్యాంగం 171వ అధికరణం రెండో క్లాజు చదవండి. పార్లమెంటు చట్టం ద్వారా వేరే ఏర్పాటు చేసేదాకా మాత్రమే మండలి కూర్పు ఇప్పుడున్నట్టు ఉంటుందని అందులో ఉంది. అంటే ప్రాథమిక పాఠశాల టీచర్లకు ఓటు, సర్పంచులకు ఓటు, స్త్రీలకు స్థానాలు వంటి మార్పులను మామూలు చట్టంతోనే తేవచ్చని వాదించడానికి మనకు గట్టి ఆధారం ఉంది. మన న్యాయవాద మిత్రులు దీనిమీద ఒక ముసాయిదా రాయాలని కోరుతున్నాను. గవర్నరు నామినేట్ చేసే ఎనిమిది సీట్లకైతే ఆ చట్టం కూడా అక్కర్లేదు. సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకారోద్యమం, సమాజసేవ, ఈ అయిదింటిలో అనుభవం ఉన్నవాళ్ళని రాజ్యాంగం అంటోంది. పాతికేళ్ళుగా పొదుపు సంఘం లెక్కలు పైసా తేడా లేకుండా నడిపిన స్త్రీకి సహకారోద్యమంలో అనుభవం లేదని ఎవరనగలరు? ఎనిమిదింట నాలుగు స్త్రీలకివ్వడానికి మంత్రివర్గం ఒక్క మధ్యాహ్నం కూర్చుంటే చాలు.

ఇక మొదట్లో దాటేసిన విషయం. 2021లో గెలిచిన ఉభయగోదావరి ఉపాధ్యాయ ఎమ్మెల్సీ షేక్ సాబ్జీ 2023 డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఉపఎన్నికలో గెలిచిన సభ్యుడి గడువు 2027 మార్చి 29 వరకే. ఆ తర్వాతి కాలానికి జరిగే ఎన్నికకు ఓటర్ల జాబితా 2026 నవంబరు 1ని ప్రాతిపదికగా తీసుకుని కొత్తగా తయారు కావాలి. ఉపాధ్యాయులకు ఫారం 19, పట్టభద్రులకు ఫారం 18. హైస్కూళ్ళు, జూనియర్ కాలేజీలు, డిగ్రీ కాలేజీలు, పాలిటెక్నిక్‌ల జాబితా పెట్టుకుని మండలానికి ఇద్దరేసి కార్యకర్తలు వెళితే దసరా సెలవులకు ముందే ధ్రువపత్రాలు అడిగి తీసుకోవచ్చు. ఇవ్వమన్న యాజమాన్యాల పేర్లు రాసి పెట్టండి, వాటిని ఎన్నికల అధికారి దగ్గరకూ, కార్మిక శాఖ దగ్గరకూ కూడా తీసుకువెళదాం. ఓటు వేసే పద్ధతి కూడా ముందే చెప్పాలి. ఇక్కడ ఓటింగ్ యంత్రం ఉండదు, కాగితం మీద పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వేయాలి. టిక్కు పెట్టినా, సంతకం చేసినా, వాళ్ళిచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్ను కాక సొంత పెన్ను వాడినా ఓటు చెల్లదు.